వాలిపోయే రేకు

తెలుగులో 'ఆవేశం' అన్న మాటకు మనకు అలవాటైన అర్థాలు కొన్ని ఉన్నాయి. సభలో వక్తకు ఆవేశం వస్తుంది. జాతరలో పూనకం పట్టిన మనిషికి ఆవేశం కలిగిందంటారు. కవికి కలిగే ఆవేశం సంగతి తరగతిలో నేనే ఏటేటా చెబుతుంటాను. భౌతికశాస్త్ర పుస్తకాలలో మాత్రం పట్టుగుడ్డతో రుద్దిన గాజుకడ్డీకి ఆవేశం ఉంటుంది. ఈ పేరు పెట్టిన పండితులెవరో గాని, వారి చమత్కారానికి నమస్కరించాలనిపిస్తుంది. ఏలనంటే ఈ ఆవేశానికీ ఆ ఆవేశానికీ పోలిక లేకపోలేదు. రెండూ కంటికి కనిపించవు. చుట్టూ ఉన్నవాటి మీద చూపే ప్రభావాన్ని బట్టే తెలుస్తాయి. రెండూ ఎక్కువసేపు నిలవవు. ఈ చివరి గుణాన్ని గురించే ఈ నాలుగు మాటలు రాయబూనుకున్నాను.

తెలుగు పాఠాలు చెప్పుకునేవానికి విద్యుత్తుతో ఏమి పని అని పత్రికా సంఘంలోని మిత్రులు నవ్వారు. నిజమే. కాని ఈ సంవత్సరం భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుడొకరు వార్షిక ప్రదర్శనకు తెలుగు చీటీలు రాసిపెట్టమని నన్ను ప్రయోగశాలకు పిలిచారు. అక్కడ ఒక బీరువాలో, పనికిరాని వస్తువుల జాబితాలో చేర్చి విడిగా పెట్టిన సామానులో, ఒక గాజుబుడ్డి కనిపించింది. మూతిలో నల్లని బిరడా, దాని గుండా దిగిన ఇత్తడి కడ్డీ, కడ్డీకి పైన గుండ్రని బిళ్ళ. కడ్డీ అడుగున ఉండవలసిన బంగారు రేకు లేదు. అది చిరిగి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. "ఇది స్వర్ణపత్ర విద్యుద్దర్శిని, దీనికి చీటీ అక్కరలేదు, ఎలాగూ పారవేయబోతున్నాము" అన్నారు మా మిత్రుడు. నేను దానిని చేతిలోకి తీసుకున్నాను. తీసుకున్న తరువాత కింద పెట్టబుద్ధి కాలేదు. కారణం వెనుక చెబుతాను.

ముందు ఈ పరికరం సంగతి. ఒక వస్తువులో విద్యుదావేశం ఉన్నదా లేదా అని తెలిపేది విద్యుద్దర్శిని. ఎంత ఉన్నదో కొలిచి చెప్పేది విద్యున్మాపకం. ఎలక్ట్రోమీటరు అన్న పేరే మన ప్రయోగశాలలలో వాడుక. వీటిలో మొదటిదానిని ఇంగ్లండులో విలియం గిల్బర్ట్ చేశాడు. అయస్కాంతాల మీద 1600లో వెలువడిన తన గ్రంథంలో, మొన మీద తేలికగా తిరిగే ఒక లోహపు సూదిని ఆయన వర్ణించాడు. రుద్దిన అంబరును దగ్గరకు తెస్తే సూది అటు తిరిగేది. ఆ తరువాత బెండుతో చేసిన చిన్న ఉండలు వచ్చాయి, గడ్డిపోచలు వచ్చాయి. 1785లో ఫ్రాన్సులో కూలుంబ్, మెలిపడే సన్నని తీగకు అడ్డుపుల్ల వేలాడదీసి, ఆవేశాల మధ్య బలం దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుందని లెక్క కట్టాడు. ఆ వెంటనే అబ్రహాం బెనెట్ అనే ఆంగ్ల మతగురువు గాజుబుడ్డిలో రెండు బంగారు రేకులను వేలాడదీసిన సంగతి 1787లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆవేశం సోకగానే రెండు రేకులకూ ఒకే జాతి ఆవేశం వస్తుంది. ఒకే జాతివి గనుక ఒకదానినొకటి తోసుకొని విడిపోతాయి. మా గాజుబుడ్డిలో ఉన్నట్లు కొన్నింటిలో రేకు ఒకటే ఉంటుంది. అది కడ్డీని విడిచి పక్కకు లేస్తుంది. లేచిన కోణాన్ని బట్టి ఆవేశం ఎంతో అంచనా కట్టవచ్చు. గాజు ఉండేది గాలి విసురు తగలకుండా. బిరడా ఉండేది ఆవేశం బయటికి జారిపోకుండా.

బంగారమే ఎందుకు? బంగారాన్ని కొట్టినంత పలుచగా మరే లోహాన్నీ కొట్టలేము. మంచి రేకు మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. దీపానికి అడ్డంగా పట్టుకుంటే దాని గుండా పచ్చని వెలుగు కనిపిస్తుంది. వేలితో తాకితే వేలికే అంటుకొని నాశనమవుతుంది. ఊపిరికి ఎగిరిపోతుంది. అంత తేలిక గనుకనే అణుమాత్రపు ఆవేశానికి కూడా లేచి నిలబడుతుంది.

ఈ సంగతి నేను పుస్తకంలో చదువక మునుపే ఇంట్లో తెలుసుకున్నాను. మా నాన్నగారు వరఖు కొట్టేవారు. చార్మినారు చుట్టుపక్కల సందులలో వినిపించే సుత్తుల చప్పుడు ఈ నగరంలో పెరిగినవారికి పరిచయమే. మిఠాయిల మీద, కిళ్ళీల మీద పరచే వెండి రేకును తయారుచేసే చప్పుడు అది. చిన్న చిన్న వెండి బిళ్ళలను పలుచని పొరల పుస్తకంలో ఒక్కొక్క పుటకు ఒక్కొక్కటిగా పెట్టి, రాతి మీద ఉంచి, గంటల తరబడి ఒకే తీరున కొట్టాలి. ఒక దెబ్బ గట్టిగా పడితే రేకు చిరుగుతుంది; ఒక దెబ్బ తప్పితే ఆ మూల మందంగా మిగులుతుంది. యునానీ మందులలో కలిపేందుకు హకీములు అడిగినప్పుడు మాత్రం బంగారు వరఖు కొట్టేవారు. ఆ రోజు ఇంట్లో పంఖా తిరగకూడదు, పిల్లలు పరుగెత్తకూడదు. ఉర్దూలో మెరుపునూ విద్యుత్తునూ బర్ఖ్ అంటారు. రేకును వరఖ్ అంటారు. ఒక్క అక్షరమే తేడా. ఈ రెండూ ఒక గాజుబుడ్డిలో కలుసుకుంటాయని మా నాన్నగారికి నేనే చెప్పాను. అప్పుడు నేను తొమ్మిదవ తరగతి.

ఐదవ తరగతి వరకు మా వీధిలోనే ఉర్దూలో చదివి, తరువాత తెలుగు మాధ్యమంలో చేరిన కుర్రవాణ్ణి నేను. 2004వ సంవత్సరంలో ఆగస్టులో వైజ్ఞానిక ప్రదర్శన ఉంటుందని బడిలో ముందుగానే చెప్పారు. పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసి విద్యుద్దర్శిని చేస్తానన్నాను. ఊరగాయ జాడీ గాజుది దొరికింది. రాగితీగ దొరికింది. బిరడాకు బదులు కొవ్వొత్తుల మైనం కరగించి పోశాను. రేకు దగ్గరే చిక్కు వచ్చింది. బంగారం మా నాన్నగారిది కాదు, హకీముగారిది. తూకం వేసి ఇస్తారు, తూకం వేసి తీసుకుంటారు. చిరిగిన తునకలు కూడా లెక్కలోకే వస్తాయి. రెండు రోజులు ఆయన ఏమీ అనలేదు. మూడవనాడు తన కూలిలో ఆ మేరకు తగ్గించుకొని, చిటికెనవేలి గోరంత వెడల్పు పట్టీ ఒకటి కత్తిరించి, తానే ఊపిరి బిగబట్టి రాగితీగకు అంటించిపెట్టారు. ప్లాస్టిక్ దువ్వెనను తలకు రుద్ది పైబిళ్ళకు తాకించాను. రేకు లేచి నిలబడింది. మా నాన్నగారు సుత్తి పక్కన పెట్టి చూశారు. జీవితమంతా ఆ రేకును కొట్టినవారు అది తనంతట తాను లేవడం చూడలేదు.

అయితే రేకు నిలవలేదు. కొంతసేపటికి మెల్లగా వాలిపోయింది. మైనం సరిగా పోయలేదేమోనని మళ్ళీ పోశాను. వాలిపోయింది. గాజును ఎండబెట్టాను. ఆలస్యంగా వాలింది గాని, వాలింది. అప్పుడు విసుగెత్తి ఒక నోటుపుస్తకంలో కాలం రాయడం మొదలుపెట్టాను. మే చివరి వారంలో మధ్యాహ్నం పూట గంటా పది నిమిషాలు. తొలకరి పడిన సాయంత్రం పద్దెనిమిది నిమిషాలు. జూలై ముసురులో నాలుగు నిమిషాలు. ఒకనాడు అమ్మ కిరసనాయిలు పొయ్యి వెలిగించి నా జాడీ పక్కనే పెట్టింది. రేకు ఒక్కసారిగా వాలిపోయింది. మళ్ళీ ఆవేశమిచ్చి అగ్గిపుల్ల వెలిగించి దగ్గరకు తెచ్చాను. మళ్ళీ వాలింది. "పొయ్యి దగ్గర – వెంటనే" అని రాసుకున్నాను. ఎందుకో తెలియదు. మా నాన్నగారికి గడియారం చూడడం తప్ప ఈ పనిలో ఏమీ తెలియకపోయినా, నేను బడిలో ఉన్నప్పుడు రేకు వాలిన వేళను తాను చూసి, సాయంత్రం చెప్పేవారు. ఆ పుస్తకంలో సగం లెక్కలు ఆయనవే.

ప్రదర్శనకు చార్టు రాశాను. పైన బొమ్మ, మధ్యలో పనిచేసే తీరు, అడుగున మా లెక్కల పట్టిక. ముందునాడు చార్టు చూసిన ఉపాధ్యాయులు పట్టిక మీద వేలు పెట్టి, "ఇదేమిటి?" అన్నారు. రేకు ఎంతసేపటికి వాలుతుందో రాశానన్నాను. "నీ పరికరంలో లోపం ఉన్నదని నువ్వే చాటుకుంటావా? తప్పును ఎవరైనా ప్రదర్శనకు పెడతారా?" అని, కత్తెర తెప్పించి, చార్టు అడుగు భాగాన్ని అంచు వెంట తిన్నగా కత్తిరించారు. ఆయన చెడ్డవారు కారు. నేను గెలవాలని కోరుకున్నవారే. ఆ మాట ఇప్పుడు అనగలుగుతున్నాను.

మరునాడు న్యాయనిర్ణేత వచ్చారు. మా నాన్నగారు పని మాని, ఉతికిన షేర్వానీ తొడుక్కొని వచ్చి గోడ దగ్గర నిలబడ్డారు. నేను దువ్వెన రుద్దాను, రేకు లేచింది. నిర్ణేత బాగున్నదన్నారు. బంగారమేనా అని అడిగారు. తరువాత, "ఆవేశం ఎంతసేపు నిలుస్తుంది?" అని అడిగారు. అది తెలిసినవారు అడిగే ప్రశ్న. నాకు జవాబు తెలుసు. ఆ హాలులో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. "ఎంతసేపైనా నిలుస్తుంది సార్" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా ముఖం చూసి పక్క బల్ల దగ్గరకు వెళ్ళారు. బయట వాన పడుతున్నది. ఆయన రెండవ బల్ల దాటేలోగానే నా రేకు వాలిపోయింది.

నాకు ద్వితీయ బహుమతి వచ్చింది: ఒక స్టీలు టిఫిన్ డబ్బా. ఇంటికి వస్తూ దారిలో మా నాన్నగారు ఉర్దూలో ఒక్క మాట అడిగారు. తెలుగులో చెబితే ఇంతే: "వాలుతుంది కదా బేటా, రోజూ రాసుకున్నాము కదా?" నేను ఏమీ అనలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ డబ్బాలోనే రొట్టెలు కట్టించుకొని ఆయన పన్నెండేళ్ళు పనికి వెళ్ళారు. కొడుకుకు వచ్చిన బహుమతి అని తోటివారికి చూపించేవారు.

నేను సైన్సు వదలి తెలుగు తీసుకోవడానికి ఇది కారణమని చెబితే అతిశయోక్తి అవుతుంది. తెలుగు మీద ప్రీతి వేరు, ఎం.ఏ. చదివించినది ఆ ప్రీతే. కాని ఉద్యోగంలో చేరిన తరువాత, విద్యార్థుల కోసం శాస్త్రవేత్తల జీవితాలను తెలుగులోకి తెచ్చే పనిలో, ఆస్ట్రియా దేశస్థుడైన విక్టర్ హెస్ కథ చదివినప్పుడు, ఆ పుటలు నన్ను నిద్రపోనివ్వలేదు. నా చార్టు మీద కత్తిరించిన భాగమే అక్కడ ఒక శాస్త్రశాఖకు మూలమై కూర్చున్నది.

రేకు వాలిపోవడమన్నది కూలుంబ్ నాటినుంచీ తెలిసినదే. ఆయన 1785లోనే, ఆవేశమిచ్చిన వస్తువు గాలిలో ఊరికే ఉన్నా ఆవేశాన్ని పోగొట్టుకుంటుందని గమనించి కొలిచాడు. అప్పటికి అది పరికరపు బలహీనత. నూరేళ్ళు గడిచాక ఆ బలహీనతే సాధనమయింది. 1896లో బెకెరల్, యురేనియం నుంచి వెలువడే కిరణాలు విద్యుద్దర్శిని ఆవేశాన్ని పోగొడతాయని కనుగొన్నాడు. ఆ కిరణాలు గాలి అణువులను చీల్చి ధన, ఋణ అయానులుగా చేస్తాయి. రేకు మీది ఆవేశానికి విరుద్ధమైన అయానులు వచ్చి దానిని తీర్చివేస్తాయి. అమ్మ పొయ్యి మంట చేసినదీ అదే. మంట వాయువులలో అయానులుంటాయి. అంటే రేకు ఎంత వేగంగా వాలితే కిరణాలు అంత బలమైనవన్నమాట.

పారిస్‌లో మేరీ క్యూరీ దీనిని ఎంత సూక్ష్మానికి తీసుకుపోయిందో తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆమె వాడినది నాలుగు పళ్ళేల వంటి ఖండాల మధ్య సూది తిరిగే ఎలక్ట్రోమీటరు; ఆ పద్ధతి కెల్విన్ ప్రభువుది. దానికి తోడు, ఆమె భర్త పియరీ, మరిది కాదు బావగారు జాక్ కలసి 1880లో కనుగొన్న ధర్మం ఒకటి ఉపయోగించింది: స్ఫటికపు పలకను బరువుతో లాగితే దాని మీద ఆవేశం పుడుతుంది. ఒకవైపు కిరణాల వల్ల చేరే ఆవేశం, మరొకవైపు స్ఫటికం ఇచ్చే ఆవేశం. రెండూ సరిపోయేటట్లు బరువు వేస్తూ, సూదిని సున్న దగ్గర నిలిపి, గడియారం పట్టుకొని కాలం చూడాలి. ఒక చేతిలో తూకం, ఒక చేతిలో కాలం. ఆమె కొలిచిన ప్రవాహం ఎంతో చూడండి: ఆంపియరును లక్ష కోట్ల భాగాలు చేస్తే యురేనియం లోహానికి అందులో 24 భాగాలు, పిచ్‌బ్లెండ్ అనే ఖనిజానికి 83 భాగాలు. యురేనియం ఉన్నందువల్లనే ఖనిజానికి ఆ శక్తి అయితే, ఖనిజం లోహాన్ని మించకూడదు. మించింది. తన కొలతలో తప్పున్నదని ఆమె అనుకొని ఉండవచ్చు. అనుకోకుండా, ఖనిజంలో మరేదో ఉన్నదని అన్నది. 1898లో జూలైలో పొలోనియం, డిసెంబరులో రేడియం పేర్లు లోకానికి తెలిశాయి.

ఇక హెస్ కథకు దారితీసిన మనుషులు. జర్మనీలో వుల్ఫెన్‌బ్యుటెల్ అనే చిన్న ఊళ్ళో ఎల్‌స్టర్, గైటెల్ అని ఇద్దరు స్నేహితులుండేవారు. ఇద్దరూ బడిలో పాఠాలు చెప్పుకునేవారే. దగ్గర ఏ రేడియోధార్మిక పదార్థమూ లేకపోయినా, ఎంత బాగా మూసిపెట్టినా, రేకు కొద్దికొద్దిగా వాలుతూనే ఉంటుందని 1900 ప్రాంతంలో వారు చూపించారు. అదే కాలంలో స్కాట్లండులో సి.టి.ఆర్. విల్సన్ కూడా అదే గమనించి, ఈ కిరణాలు ఆకాశం నుంచి వస్తున్నవేమో అని ఊహించాడు. ఊహించి ఊరుకోలేదు. రాత్రివేళ తన పరికరాన్ని ఒక రైలు సొరంగంలోకి తీసుకుపోయాడు. పైన కొండ అడ్డమున్నది గనుక రేకు నెమ్మదిగా వాలాలి. బయట వాలినట్లే వాలింది. తన ఊహ తప్పని 1901లో ఆయనే ప్రకటించాడు. ఊహ నిజమే, సొరంగపు రాళ్ళలోని రేడియోధార్మికత ఆయనను తప్పుదారి పట్టించింది. అయినా చూసినది చూసినట్లు చెప్పాడు. ఈ మనిషి మీద నాకు హెస్ మీదకంటే కొంచెం ఎక్కువ గౌరవం.

కిరణాలు నేలలోనుంచే వస్తున్నాయని అందరూ స్థిరపడ్డారు. అట్లయితే పైకి పోయినకొద్దీ తగ్గాలి. జెసూట్ మతగురువు, భౌతికశాస్త్ర బోధకుడు థియొడోర్ వుల్ఫ్ బంగారు రేకుకు బదులు రెండు సన్నని తంతువులు గల, ప్రయాణానికి తట్టుకునే ఎలక్ట్రోమీటరు చేసి, 1910లో పారిస్‌లోని ఐఫెల్ గోపురం ఎక్కాడు. నేల మీద ఘన సెంటీమీటరు గాలిలో సెకనుకు 6 అయాను జంటలు పుడుతుంటే, 300 మీటర్ల ఎత్తున 3.5 పుట్టాయి. తగ్గింది, కాని తగ్గవలసినంత తగ్గలేదు. ఎనభై మీటర్లకే సగం కావలసినది. ఇటలీలో డొమెనికో పచీని 1911లో పరికరాన్ని సముద్రంలో మూడు మీటర్ల లోతుకు దింపి, అక్కడ అయానులు సుమారు ఐదవ వంతు తగ్గాయని చూసి, కొంత కిరణం నేలది కాదని అన్నాడు. ఆ మాటను అప్పుడు ఎక్కువమంది పట్టించుకోలేదు.

వియన్నా రేడియం పరిశోధనాలయంలో పనిచేస్తున్న హెస్‌కు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. గోపురం చాలదు, ఆకాశానికే పోవాలనుకున్నాడు. 1912లో ఏడుసార్లు బెలూను ఎక్కాడు. ఏప్రిల్ 17న సూర్యగ్రహణం వేళ ఎగిరి చూశాడు. చంద్రుడు అడ్డం వచ్చినా కొలత తగ్గలేదు గనుక కిరణాలు సూర్యునివి కావన్నాడు. ఆగస్టు 7న పొద్దున ఆరు గంటల తరువాత బొహీమియాలోని ఆసిగ్ అనే ఊరినుంచి హైడ్రోజన్ నింపిన బెలూనులో మరి ఇద్దరితో కలసి లేచాడు. బుట్టలో మూడు ఎలక్ట్రోమీటర్లు: రెండు మందపు గోడలవి, ఒకటి పలుచని గోడలది. మందపు గోడలవి పైన గాలి పలుచబడినా లోపలి గాలి పలుచబడకుండా గట్టిగా మూసినవి. ఒక పరికరం తప్పు చెప్పినా మిగిలినవి పట్టిస్తాయని మూడు. 5350 మీటర్ల వరకు పోయారు. ఆ ఎత్తున చలి, ఊపిరాడని గాలి. అందులో సూక్ష్మదర్శినిలోకి కన్ను పెట్టి, తంతువులు ఎంత దగ్గరపడ్డాయో చూసి, గడియారం చూసి రాసుకోవాలి. మొదటి కొన్ని వందల మీటర్లలో అయానులు కొద్దిగా తగ్గాయి. తరువాత తగ్గడం ఆగింది. తరువాత పెరగసాగాయి. ఐదు కిలోమీటర్ల దగ్గర నేల మీదికంటే సుమారు రెట్టింపు. మధ్యాహ్నానికి బెర్లిన్‌కు తూర్పున దిగారు. గొప్పగా చొచ్చుకుపోగల కిరణాలేవో పైనుంచి మన వాతావరణంలోకి వస్తున్నాయని హెస్ ఆ సంవత్సరమే ప్రకటించాడు.

కోల్‌హోర్‌స్టర్ అనే జర్మన్ 1914 నాటికి తొమ్మిది కిలోమీటర్లు దాటి పోయి ఆ మాట నిజమని తేల్చాడు. మొదట సందేహించిన అమెరికన్ మిలికన్ 1925లో తానే ఒప్పుకొని వీటికి పేరు పెట్టాడు; మనం విశ్వకిరణాలంటున్నాము. అదే మిలికన్ 1939-40లో తన బృందంతో మన దేశానికి వచ్చి, బెంగుళూరు, ఆగ్రా, పెషావరులలో బెలూనులకు విద్యుద్దర్శినులు కట్టి ఎగురవేశాడు. హైదరాబాదులో టాటా పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రం 1969లో ఏర్పడింది. ఈ విశ్వకిరణాలు గాలిలో చేసే ధ్వంసాన్ని పరీక్షిస్తుండగానే 1932లో పాజిట్రాన్, 1936లో మ్యూయాన్ అనే కణాలు దొరికాయి. హెస్‌కు 1936లో, పాజిట్రాన్ కనుగొన్న ఆండర్సన్‌తో కలిపి, నోబెల్ బహుమానం వచ్చింది. రెండేళ్ళకే ఆస్ట్రియా నాజీల వశమయింది. హెస్ భార్య యూదు వంశస్థురాలు గనుక ఉద్యోగం పోయింది. అమెరికా వెళ్ళి అక్కడ పాఠాలు చెప్పుకుంటూ 1964లో మరణించాడు.

ఇది చదివి, నేను చిన్నప్పుడు జాడీలో విశ్వకిరణాలను చూశానని గొప్పలు చెప్పుకోవడం లేదు. నా రేకును వాల్చినది చాలావరకు వానతేమ. మైనం మీదా గాజు మీదా కంటికి కనిపించని నీటిపొర పేరుకొని ఆవేశాన్ని జార్చివేసేది. విశ్వకిరణాల వాటా అందులో ఎంతో విడదీయడానికి హెస్ వంటి వారికే ఎంత శ్రమ పట్టిందో పైన చూశారు. అయినా మే నెల గంటా పది నిమిషాలకూ జూలై నాలుగు నిమిషాలకూ తేడా నిజం. పొయ్యి దగ్గర వాలడం నిజం. ఆ రెండు నిజాలు వదలుకొని ఒక టిఫిన్ డబ్బా తెచ్చుకున్నాను.

నేటి ఎలక్ట్రోమీటర్లలో రేకులు లేవు. లోపల అర్ధవాహక సాధనాలు, బయట అంకెలు. నేను పైన చెప్పిన లక్ష కోట్లవ భాగాన్ని మళ్ళీ వెయ్యి ముక్కలు చేస్తే, ఒక్క ముక్కను కూడా ఇవి కొలుస్తాయి. అది సెకనుకు ఆరువేల పైచిలుకు ఎలక్ట్రానుల ప్రవాహం మాత్రమే. నేల పుల్లదో చవుడో చెప్పే పి.హెచ్. మీటరులో గాజు ఎలక్ట్రోడు ఉంటుంది. దానినుంచి వచ్చే సంకేతాన్ని మామూలు మీటరు తాకితే అదే తాగివేస్తుంది. ఎలక్ట్రోమీటరు వంటిది గనుకనే తాగకుండా చదవగలదు. కాన్సరు ఆసుపత్రులలో కిరణచికిత్స యంత్రం రోగికి సరిగా ఎంత మోతాదు ఇస్తున్నదో ముందే నీటితొట్టిలో చిన్న గాలిగది ముంచి, అందులో పుట్టిన ఆవేశాన్ని ఎలక్ట్రోమీటరుతో కొలిచి సరిచూస్తారు. మా నాన్నగారి చివరి సంవత్సరంలో చికిత్స గది బయట కూర్చున్నప్పుడు, అక్కడి భౌతికశాస్త్ర నిపుణుడు ఆ పెట్టెను చూపించి పని వివరించాడు. లోపల రేకు ఉన్నదా అని మా నాన్నగారు అడిగారు. లేదని తెలిసి కొంచెం నిరాశపడ్డారు. 2017లో ఆయన పోయారు. వరఖు కొట్టే పని మా ఇంట్లో అంతటితో ఆగింది.

మళ్ళీ ప్రయోగశాలకు వద్దాము. ఆ గాజుబుడ్డిని జాబితాలోనుంచి తీయించమని మా మిత్రుణ్ణి అడిగాను. రేకు లేనిదానిని ఎలా ఉంచుతామన్నారు. రేకు నేను తెస్తానన్నాను. ఇంట్లో మా నాన్నగారి పనిముట్ల పెట్టె తెరిచాను. సుత్తి, రాయి, పొరల పుస్తకం అలాగే ఉన్నాయి. అడుగున నా నోటుపుస్తకం ఉన్నది. ఖాళీ కాగితాలను ఆయన రేకుల మధ్య పెట్టుకోవడానికి చించి వాడుకున్నారు. రాసిన పుటలు ఒక్కటీ చించలేదు. చివరి రెండు పుటల మధ్య వెడల్పుగా ఒక బంగారు తునక అంటుకొని ఉన్నది. దాని కూలి ఎప్పుడు తగ్గించుకున్నారో నాకు తెలియదు.

రేకును కడ్డీకి అంటించే పని నాకు చేతకాలేదు. రెండు పట్టీలు పాడుచేశాను. మూడవది నిలిచింది. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం విద్యార్థులు నలుగురు వంతులవారీగా కాలం రాస్తున్నారు. ప్రదర్శన చార్టు మీద బొమ్మ చిన్నది, పట్టిక పెద్దది. అడుగున పాత పుస్తకంలోని లెక్కలు కూడా, ఎవరు రాసినవో చెప్పకుండా, చేర్పించాను. మొన్న ఒక విద్యార్థిని పుస్తకం పట్టుకొని తెలుగు శాఖ గదికి వచ్చి, "ఈ లెక్క మిగతావాటితో కలవడం లేదు సార్, కొట్టివేయమంటారా?" అని అడిగింది. రాసినది చదివి వినిపించమన్నాను. "ఉదయం పదకొండు గంటలు. ఎండ. కిటికీలు మూసి ఉన్నవి. దగ్గర మంట లేదు. మూడు నిమిషాలు. కారణం తెలియలేదు." ఉంచమన్నాను.